షెడ్డు కట్టి చూశాను

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ అయినవాణ్ణే కాబట్టి ఇంటి వెనక షెడ్డు వేయడం ఎంత పనిలే అనుకున్నాను. 2024 నవంబర్‌లో మొదలుపెడితే 2025 నవంబర్‌లో అందులో స్టూలు వేసుకుని స్థిమితంగా కూర్చున్నాను. 12 లక్షల్లో అయిపోతుందని మా ఆవిడకు చెప్పాను. 20 లక్షల 21 వేలు అయింది. ఆ తేడా ఎక్కడెక్కడ పోయిందో రాసి పెడితే, ఇలాంటి ఆలోచనతో ఉన్న ఇంకొకరికి కొంతైనా మిగులుతుందని ఇది రాస్తున్నాను.

హైదరాబాద్‌లో 26 ఏళ్ళు ఉద్యోగం చేసి తెనాలి పక్కన మా ఊరికి వచ్చేశాం. అపార్ట్‌మెంట్ బాల్కనీలో డ్రిల్లింగ్ మిషన్ ఆన్ చేస్తే కింది ఫ్లాటు నుంచి ఫోన్ వచ్చేది. ఆ కసి అంతా పోగుపడి ఉంది. ఇక్కడేమో ఇంటి వెనక ఆరు సెంట్ల ఖాళీ జాగా, వసారాలో గోనెపట్టా కింద నాన్న వదిలి వెళ్ళిన యెజ్డీ రోడ్ కింగ్ మోటారుసైకిల్, పనిముక్కను బిగించి పట్టే ఆరంగుళాల బెంచ్ వైస్, అదీ నాన్నదే. మా పాత మారుతి 800, రోజూ వాడే కారు, ఆ యెజ్డీ, ఇవన్నీ ఒక కప్పు కింద ఉండాలి. పక్కనే చెక్కపని, వెల్డింగు చేసుకునే చోటు ఉండాలి. కోరిక ఇంతే.

మొదటి మంచి పని ఒకటి చేశాను. కాగితం మీద గీయలేదు. అమ్మ ముగ్గు డబ్బా తీసుకెళ్ళి నేల మీదే గీశాను. ముందు 24 అడుగులు, 36 అడుగులు. కారు తెచ్చి ఆ గీతల్లో పెట్టి నాలుగు తలుపులూ తెరిచాం. బెంచీలకు బదులు రెండు నులక మంచాలు వేశాం. నేనూ మా బావమరిదీ ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు చెరో కొసా పట్టుకుని లోపల తిరిగాం. రెండుసార్లు కారుకు తగిలింది, ఒకసారి మంచానికి. మూడు రోజులు చెరిపి గీసి, చెరిపి గీసి, చివరికి 30 అడుగులు, 45 అడుగుల దగ్గర ఆగాం. పడమర వైపు 22 అడుగులు బండ్లకు, తూర్పు వైపు 23 అడుగులు పనికి. ముగ్గు అయిపోయిందని అమ్మ గొడవ చేసింది కానీ మొత్తం పనిలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ లాభం ఇచ్చింది ఆ ముగ్గే.

వాస్తు అమ్మ చూసుకుంది. బండ్లు వాయవ్యం, నిప్పు ఆగ్నేయం, బరువులు నైరుతి. వెల్డింగు మూల ఆగ్నేయంలో పడటం నాకూ అనుకూలమే, కలప పేర్చేది దానికి దూరంగా ఉంటుంది. ఒక్కచోటే మాట కుదరలేదు. కారు కింద దిగి పని చేసుకోవడానికి నేను అనుకున్న గొయ్యి నైరుతి పక్కకు వచ్చింది. "నైరుతిలో గొయ్యేంట్రా!" అంది. నేను వినలేదు. దాని సంగతి తర్వాత.

డ్రాయింగులు, పర్మిషన్ కలిపి డిసెంబర్ అంతా పట్టింది. అప్లికేషన్ పెట్టాక 33 రోజులు. ఖర్చు 38 వేలు. అనుమతి చేతికి వచ్చేసరికి పుష్యమాసం. "పుష్యం వెళ్ళనివ్వు" అంది అమ్మ. అలా ఇంకో నాలుగు వారాలు పోయి, 2025 ఫిబ్రవరి 10న కొబ్బరికాయ కొట్టాం.

మాది నల్లరేగడి. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. మా వీధిలో పగలని ప్రహరీ గోడ లేదు. మేస్త్రి మొదటి రోజే చెప్పాడు: "సార్, పిల్లర్లు నిలబడతాయి, దాని గురించి దిగులు లేదు. నేల సంగతే చూసుకోవాలి. ఈ మట్టి మీద కాంక్రీటు పోస్తే అప్పడం పెట్టినట్టే." అందుకని గోడల లోపలంతా రెండడుగుల నల్లమట్టి జేసీబీతో తీయించేశాం. బేస్‌మెంట్ భూమికి అడుగున్నర ఎత్తు పెట్టాం. ఎందుకంటే 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్‌లో మా బావమరిది కారు నీళ్ళలో ఉండిపోయింది. ఎంత ఎత్తు పెట్టాలి అని ఎవరైనా అడిగితే ఆ కారు సీటు గుర్తొచ్చేది.

తీసిన రెండడుగులు, పైన అడుగున్నర, మొత్తం మూడున్నర అడుగుల లోతు ఎర్ర గ్రావెల్‌తో నింపాలి. నా లెక్కకు 14 ట్రిప్పులు వచ్చింది. నిజంగా పట్టినవి 20. తడిపి దిమ్మిస కొట్టాక గ్రావెల్ అణిగిపోతుందని తెలుసు కానీ అంత అణుగుతుందని తెలియదు. ట్రిప్పు 4,500 లెక్కన 90 వేలు, తవ్వకం 22 వేలు, తడపడానికీ దిమ్మిసకూ 14 వేలు. లక్షా 26 వేలు మట్టిలో కలిశాయి అంటే ఇక్కడ అక్షరాలా నిజం. అడుగు మందం ఒకేసారి పోసి పైపైన దిమ్మిస కొడతామన్నారు కూలీలు. నేను టేపు పట్టుకుని అక్కడే కూర్చుని, ఆరంగుళాలు పోసి తడిపి కొట్టాకే తర్వాతి పొర పోయించాను. వాళ్ళకు నామీద కోపం వచ్చింది. మూడు వారాలు అదే పని. రోజూ సాయంత్రం చూస్తే అదే ఎర్రటి నేల, ఏమీ ముందుకు వెళ్ళినట్టు ఉండదు. ఆ మూడు వారాల్లోనే నాకు నిద్ర సరిగా పట్టలేదు.

ఇసుక మాట ఒకటి. మన రాష్ట్రంలో ఇసుక ఉచితం అని తెలిసి బడ్జెట్‌లో దాని గడి ఖాళీగా వదిలేశాను. ఉచితమైనది ఇసుక మాత్రమే. లోడింగు, లారీ కిరాయి మనవే. ఇసుకతో కలిపి పునాదులకు, గోడల కింద వచ్చే ప్లింత్ బీములకు మొత్తం లక్షా 85 వేలు అయింది.

మార్చి చివర గోడలు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిదతో చేసే ఇటుకలు మా వైపు బాగా దొరుకుతాయి, అవే వాడాం. పదడుగుల ఎత్తు వరకు గోడ, ఆపైన కప్పును మోసే ఇనుప ట్రస్సులు. చుట్టూ రేకే వేసేస్తే రెండు లక్షలు మిగిలేవని చాలామంది అన్నారు. గోడ లేకపోతే షెల్ఫులు దేనికి బిగిస్తాం, గ్రైండర్ చప్పుడును ఏది ఆపుతుంది? దీని మీద నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. ప్లాస్టరింగ్‌తో కలిపి 2 లక్షల 10 వేలు.

ఇనుము పని కిలోల లెక్క. వెల్డింగ్ షాపాయన కిలోకు మెటీరియల్, మజూరీ, రెడాక్సైడ్ అన్నీ కలిపి 105 అన్నాడు. మొత్తం 4 లక్షల 41 వేలు. ఇక్కడ రెండు విషయాలు నేర్చుకున్నాను. ఇనుము షాపుకు వచ్చే ముందు కాటా దగ్గరకు మనమూ వెళ్ళాలి. వెళ్ళాను. ఇంకోటి, కోయగా మిగిలిన ముక్కల బరువు కూడా మన బిల్లులోనే ఉంటుంది కాబట్టి అవి మనవే. అడగకపోతే అవి షాపులోనే ఉండిపోతాయి. అడిగితే ఆయన కాసేపు నసిగి, "తీసుకెళ్ళండి సార్, మీవేగా" అన్నాడు. ఆటోలో వేసుకొచ్చిన ఆ ముక్కలే తర్వాత రెండు బెంచీలకు కాళ్ళయ్యాయి.

కప్పు గురించి ఏప్రిల్‌లో పక్క ఊళ్ళో ఒకాయన రేకుల షెడ్డులోకి థర్మామీటర్ పట్టుకెళ్ళాను. మధ్యాహ్నం రెండింటికి 46 చూపించింది. అదే రోజు మామూలు రేకు మానేసి, రెండు రేకుల మధ్య ఫోమ్ ఉండే పఫ్ ప్యానెల్ చెప్పాను. రేకుకన్నా రెట్టింపు పైనే, లక్షా 86 వేలు. మొత్తం ఖర్చులో ఇది వృథా అని ఒక్కరోజు కూడా అనిపించలేదు. మేలో కూడా ఫ్యాను కింద పదకొండున్నర దాకా పని చేసుకున్నాను. వాన పడ్డప్పుడు లోపల మాట వినిపిస్తుంది. రేకు కింద అయితే సైగలే.

షట్టర్ల దగ్గర పొరపాటు పూర్తిగా నాదే. తొమ్మిదడుగుల ఎత్తు గుమ్మం పెట్టించాను. షట్టర్ చుట్టుకునే డ్రమ్ము పైన బిగిస్తారు అనుకున్నాను కానీ, లోపలి వైపు ట్రస్సు అడ్డం రావడంతో అది గుమ్మంలోకే దిగింది. అడుగుంపావు ఎత్తు అక్కడే పోయింది. కారుకు ఇబ్బంది లేదు, పైన నిచ్చెన కట్టుకొచ్చిన ఆటో మాత్రం బయటే ఆగుతుంది. రెండు షట్టర్లు, పక్క తలుపు, కిటికీలు కలిపి లక్షా 12 వేలు.

ఇక నేల. నున్నగా మెరిసే ఫ్యాక్టరీ ఫ్లోరింగ్ చేసేవాళ్ళు ఇంత చిన్న పనికి రామన్నారు. 1,350 చదరపు అడుగులు నాకు పెద్దది, వాళ్ళకు చిన్నది. చివరికి ముందే కలిపి లారీల్లో తెచ్చే రెడీమిక్స్ కాంక్రీటు తెప్పించి, మేస్త్రి మనుషులతోనే తాపీ పెట్టించాలని నిర్ణయించాం. ఆరంగుళాల మందం, ఎమ్ 25 గ్రేడు, మధ్యలో 8 మిల్లీమీటర్ల చువ్వల జాలీ. మే 6 తెల్లవారుజామున నాలుగింటికి మొదటి లారీ అన్నారు. పన్నెండు మంది మనుషులు, టీలు, లైట్లు, అన్నీ సిద్ధం. లారీ 7:20కి వచ్చింది. మా సందులోకి తిరగలేదు. సందు చివర పెట్టి పంపుతో పైపులు వేసి లాగాల్సి వచ్చింది. పంపు ముందే చెప్పి ఉంచాను కాబట్టి బతికాను. మూడో లారీకి, నాలుగో లారీకి మధ్య 50 నిమిషాల ఖాళీ వచ్చింది. ఎండ నెత్తికెక్కింది, పోసిన అంచు కళ్ళముందే బిగుసుకుపోతోంది. మేస్త్రి గోనెలు తడిపి అంచు మీద కప్పుతూ ఫోన్‌లో తిడుతున్నాడు. ఆ రోజు టెన్షన్ మా అమ్మాయి పెళ్ళిలో కూడా పడలేదు నేను.

ఆ మర్నాడే కట్టర్‌తో నేల మీద పదడుగులకొకటి చొప్పున ఒకటిన్నర అంగుళాల లోతు గాట్లు కోయాలి. కాంక్రీటు ఆరుతూ ముడుచుకున్నప్పుడు పగులు ఆ గాటు వెంబడే రావాలని. కట్టర్ మనిషి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు సాయంత్రం వచ్చాడు. అప్పటికే మూడో గడిలో మూల నుంచి మూలకు వెంట్రుక మందం పగులు గీసినట్టు వచ్చేసింది. చుట్టూ మట్టి కట్టలు వేసి 14 రోజులు నీళ్ళు నిలిపాను. ఆ పగులు పెరగలేదు కానీ ఇప్పటికీ లోపలికి అడుగుపెట్టగానే నా కళ్ళు దాని మీదకే పోతాయి. వచ్చినవాళ్ళెవరికీ కనపడదు.

నేల విషయంలో ఇంకో రెండు. నీళ్ళు బయటికి పోవాలని షట్టర్ల వైపు వాలు పెట్టించాను. ముప్ఫై అడుగులకు మూడున్నర అంగుళాలు. బండ్ల వైపు అది సరైన పనే. పని చేసుకునే వైపు కూడా అదే వాలు పెట్టించడం తెలివితక్కువతనం. కింద పడ్డ ప్రతి బేరింగ్ గోళీ షట్టర్ దాకా దొర్లుకుంటూ వెళ్తుంది. బెంచీ కాళ్ళ కింద, చెక్క కోసే టేబుల్ సా కింద, డ్రిల్ స్టాండు కింద చెక్కముక్కలు పెట్టి లెవెల్ చేసుకున్నాను. రెండోది, కాంక్రీటు కింద పాలిథీన్ షీటు పరవాలని నాకు తోచలేదు, ఎవరూ చెప్పలేదు. ఆగస్టులో ఎపాక్సీ పెయింట్ వేయిద్దామనుకుని, ముందు రెండడుగుల ప్లాస్టిక్ కవరు నేలకు టేపుతో అంటించి ఒక రాత్రి ఉంచాను. పొద్దున్న చూస్తే కవరు లోపలంతా చెమట. కింది నుంచి తేమ వస్తుంటే ఎపాక్సీ పొక్కులు లేస్తుంది. ఆ ఆలోచన అక్కడే మానుకున్నాను. పది రూపాయల కవరు లక్ష రూపాయలు కాపాడింది. నేలకు మొత్తం 2 లక్షల 5 వేలు. మా సిమెంటు పనులన్నీ అయిపోయి చాన్నాళ్ళయ్యాక సెప్టెంబర్ 22న సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. నా అదృష్టం అలాంటిది.

గొయ్యి సంగతికి వద్దాం. మూడడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల లోతు. లోపల మెట్లు, పక్కన లైటు గూళ్ళు, పైన కప్పడానికి చెక్క పలకలు. నేను ఇరవయ్యేళ్ళుగా కన్న కల అది. పక్కింటి బాబాయి వ్యవసాయం చేసిన మనిషి. ఏప్రిల్‌లో కట్టేటప్పుడు గట్టు మీద నిలబడి చూసి, "కాలవ వదిలాక చూడరా అబ్బాయ్, నీ గోతిలో చేపలు పట్టుకోవచ్చు" అన్నాడు. మేస్త్రి వైపు చూశాను. వాటర్‌ప్రూఫ్ పౌడరు కలిపి పూస్తాం అన్నాడు. పూశారు. 52 వేలు.

మే, జూన్ బ్రహ్మాండంగా ఉంది. మారుతి 800 కింద దిగి సైలెన్సర్ మార్చాను కూడా. జులైలో కాలవలకు నీళ్ళు వదిలారు, నాట్లు మొదలయ్యాయి. 19వ తేదీ పొద్దున్న పలక ఎత్తితే లోపల పద్నాలుగు అంగుళాల నీళ్ళు, అందులో రెండు కప్పలు. మోటారు పెట్టి తోడాను. సాయంత్రానికి మళ్ళీ ఆరంగుళాలు. గోతి అడుగు భూమి మట్టానికి మూడడుగుల కింద ఉంది, చుట్టూ పొలాలన్నీ నీళ్ళతో నిండి ఉన్నాయి. ఇక గోడకు ఏం పూస్తే ఏం ఆగుతుంది? వాటర్‌ప్రూఫింగ్ చేసే ఒకాయన వచ్చి చూసి 38 వేలు అన్నాడు. గ్యారంటీ ఎన్నేళ్ళు అంటే నవ్వాడు. పది రోజులు రోజూ తోడాను, ఎందుకో ఒప్పుకోబుద్ధి కాలేదు. చివరికి ఆగస్టు రెండో వారంలో 19 వేలు పెట్టి గ్రావెల్ నింపించి పైన కాంక్రీటు పోయించేశాను. నీళ్ళు రాకపోయినా గోతులతో ఇంకో ప్రమాదం ఉందని ఆ తర్వాత ఆటోనగర్ మెకానిక్ ఒకాయన చెప్పాడు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, అది దిగి గోతిలోనే కూర్చుంటుంది, అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు. ఇప్పుడు రెండు ఇనుప ర్యాంపులు, నాలుగు జాకీ స్టాండ్లతో సరిపెట్టుకుంటున్నాను. అమ్మ మాత్రం అదంతా నైరుతి మహిమే అంటుంది. కాదని వాదించే ముఖం నాకు లేదు.

ర్యాంపు అంటే గుర్తొచ్చింది. అడుగున్నర ఎత్తు ఎక్కడానికి బయట మొదట ఆరడుగుల ర్యాంపు కట్టించాను. మొదటి రోజే కారు పొట్ట గట్టు మీద రాసుకుంది. పగలగొట్టి పదడుగులది కట్టించాను. బేస్‌మెంట్ ఎత్తు పెంచేవాళ్ళు ముంగిట్లో ర్యాంపు ఎంత జాగా తింటుందో కూడా ముగ్గుతో గీసి చూసుకోవాలి.

కరెంటుకు ఏప్రిల్ 3న అప్లై చేశాను. ఇంటికి ఉన్నది సింగిల్ ఫేజ్. ఎనిమిది కిలోవాట్ల త్రీ ఫేజ్ అడిగాను. వచ్చిన ఉద్యోగి అడిగిన మొదటి ప్రశ్న, "ఇక్కడ బిజినెస్ చేస్తారా?" కాదు, సరదాకి అంటే నమ్మలేదు. ఎనిమిది కిలోవాట్ల సరదా ఏంటని ఆయన అనుమానం. గోనెపట్టా తీసి యెజ్డీ చూపించాక కాస్త మెత్తబడ్డాడు, వాళ్ళ నాన్నకూ ఉండేదట. త్రీ ఫేజ్ లైను మా వీధి మొదట్లోనే ఆగిపోయింది కాబట్టి ఒక స్తంభం వేయాలి. ఎస్టిమేట్‌కు మూడు వారాలు, డబ్బు కట్టాక స్తంభానికి ఐదు వారాలు, మీటరుకు మిగతాది. జూన్ 25న కనెక్షన్ వచ్చింది. 83 రోజులు. డిపాజిట్లు, లైను కలిపి 61 వేలు. నేను పునాది తవ్విన రోజే అప్లై చేసి ఉండాల్సింది.

ఈలోపు ఇంటి లైను మీద వెల్డింగ్ మిషన్ పెట్టి చూశాను. రాడ్డు అంటించగానే ఇంట్లో లైట్లన్నీ మసకబారాయి, అమ్మ సీరియల్ ఆగింది. మళ్ళీ ఆ ప్రయత్నం చేయలేదు.

వైరింగుకు 96 వేలు. ఇందులో మా ఎలక్ట్రీషియన్‌కు, నాకు మూడు చోట్ల వాదన జరిగింది. పైపులన్నీ గోడ బయటే వేయమన్నాను. అందం లేదన్నాడు, రేపు ఒక పాయింటు జరపాలంటే గోడ పగలగొట్టే పని ఉండదు అన్నాను. ప్లగ్గులు నేల దగ్గర కాకుండా బెంచీకి పైన, 42 అంగుళాల ఎత్తులో, ఆరడుగులకొకటి పెట్టించాను. మూడోది ఆయన చెప్పిందే, నేనే మొదట ఖర్చని వద్దన్నాను. లైట్ల లైను వేరు, మిషన్ల లైను వేరు, కరెంటు లీకైతే లైను కొట్టేసే ఆర్సీసీబీ కూడా దేనిది దానికే. వారం తిరక్కుండానే దాని విలువ తెలిసింది. రాత్రి ఏడున్నరకు చెక్క కోస్తుంటే పాత గ్రైండర్ లీకేజీకి లైను కొట్టేసింది. రంపం బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంది, లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. చీకట్లో ఆ బ్లేడు పక్కన నిలబడాల్సి వస్తే ఎలా ఉండేదో ఊహించుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. నల్లరేగడి చేసిన ఒకే ఒక మేలు ఎర్తింగ్. ఆ తడి మట్టిలో గొట్టం దింపగానే రీడింగు రెండు ఓంల లోపే వచ్చింది.

సామాన్లకు వచ్చేసరికి జేబు ఖాళీ. అది ఒకందుకు మంచిదైంది. డబ్బుంటే పనికిరానివి కొనేవాణ్ణి. సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్ళి స్పానర్ సెట్లు, బెంచ్ గ్రైండర్, క్లాంపులు తెచ్చాను. విజయవాడ ఆటోనగర్‌లో వాడిన రెండు హార్స్‌పవర్ కంప్రెసర్ దొరికింది. బెంచీలకు పాత ఇళ్ళ కలప అమ్మే అడితిలో టేకు దూలాలు కొన్నాను. దూలంలో మేకు మిగిలి రెండు రంపం బ్లేడ్లు పోయాయి. తర్వాత అయస్కాంతంతో వెతికి కోశాను. వైస్ బిగించిన బెంచీ ఎత్తు వేరు, చెక్కపని బెంచీ ఎత్తు వేరు అని నాన్న అనేవాడు. వైస్ దవడలు మోచేతి దగ్గరకు రావాలి, చిత్రిక పట్టే బల్ల మణికట్టు దగ్గర ఉండాలి. రెండూ ఒకే ఎత్తు ఉంటే చూడ్డానికి బావుంటుందని మొదట ఒకే ఎత్తు చేశాను. రెండు రోజుల నడుం నొప్పి తర్వాత వైస్ కింద నాలుగంగుళాల దిమ్మ పెట్టాను. బెంచీలు, సామాన్లు మొత్తం 2 లక్షల 90 వేలు.

అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. కప్పు కదల్లేదు. కప్పు మీద గాలికి తిరిగే టర్బో ఫ్యాన్లు రెండిటి నుంచి మాత్రం చినుకులు లోపలికి పడ్డాయి, ఒకటి సరిగ్గా టేబుల్ సా మీదే. షట్టర్ల కింద నుంచి కూడా జల్లు వచ్చింది. పొద్దున్నకి ఆ ఇనుప బల్ల ఎర్రగా తుప్పు పట్టింది. ఒక్క రాత్రిలో! మా వైపు గాలిలోనే నీళ్ళుంటాయి. కంప్రెసర్ ట్యాంకు కింద డ్రైన్ విప్పితే వానాకాలంలో రోజూ అర గ్లాసు నీళ్ళు వస్తాయి. ఇప్పుడు ఇనుప బల్లల మీద నూనె గుడ్డ తుడవడం, షట్టర్ అంచుకు రబ్బరు పట్టీ వేయడం, రాత్రి మీటలన్నీ ఆపేయడం దినచర్య అయిపోయింది. ఆ రబ్బరు పట్టీ వల్ల ఎలుకలు, పాములు రావడం కూడా తగ్గింది. దానికి ముందు ఒక జెర్రిపోతు టైర్ల మధ్య రెండు రోజులు కాపురం ఉంది.

వీధితో ఒక ఒప్పందం చేసుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా, రాత్రి ఎనిమిది తర్వాత గ్రైండర్ ఆన్ చేయను. దానికి బదులుగా అనుకోని ఇంకో ఒప్పందం నామీద పడింది. కంప్రెసర్ ఉందని తెలిశాక పొద్దున్నే సైకిళ్ళకు గాలి కొట్టించుకునే పిల్లలు, ఆ తర్వాత పొలానికి మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్లు మోసుకుంటూ రైతులు. మొదట వచ్చింది పక్కింటి బాబాయే. "నీళ్ళ గొయ్యి పోయిందిగా, ఖాళీగానే ఉన్నావుగా" అంటూ స్ప్రేయర్ వైస్ పక్కన పెట్టాడు. కార్బురేటర్ విప్పి శుభ్రం చేసి ఇచ్చాను. మర్నాటికి ఇంకో రెండు వచ్చాయి. ఇప్పుడు బెంచీ మీద నాలుగు స్ప్రేయర్లు, ఒక కుట్టు మిషన్, గుడి మైకు స్టాండు ఉన్నాయి. యెజ్డీ ఇంజను దించడానికి సంక్రాంతి తర్వాత అని పెట్టుకున్నాను. ప్రస్తుతానికి అది షెడ్డులోకైతే వచ్చింది, గోనెపట్టా ఇంకా తీయలేదు.